ఇంటి పరువు, కుమార్తె ప్రాణము

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 34వ అధ్యాయము, ఆదికాండము 38వ అధ్యాయము, 2 సమూయేలు 13:1-22, మత్తయి 1:18-25.
కంఠస్థము చేయవలసిన వచనము: యాకోబు 1:20.



ఈ నెల పాఠము వినుటకు కష్టమైనది. అయినను పరిశుద్ధ గ్రంథము ఈ సంగతిని మరుగుపరచలేదు గనుక మనమును మరుగుపరచకూడదు. కుటుంబ పరువు పేరిట స్త్రీలకు జరుగుచున్న హింసను గూర్చి దేవుని వాక్యము వెలుగులో ఆలోచింతము.

పరువు అనునది మన గ్రామములలో బరువైన మాట. సెంటు భూమి లేని వానికిని పరువు ఉండును. ఇచ్చిన మాట నిలుపుకొనుట, తీసికొన్న అప్పు తీర్చుట, పొరుగువాని గట్టు జరుపకుండుట, కూలివాని కూలి ఆపకుండుట – ఇవి మనుష్యుని పరువు. ఇట్టి మంచి పేరు ధనముకంటె మేలని సామెతల గ్రంథము కూడ నేర్పుచున్నది (సామెతలు 22:1).

అయితే ఇంకొక విధమైన పరువు కలదు. అది పురుషులది, కాని దానిని మోయవలసినది ఆడపిల్ల. కుమారుడు త్రాగి వీధిలో పడిపోయినయెడల, "వయస్సు అట్టిది, పెండ్లి చేసిన బాగుపడును" అందురు. కుమార్తె తనకు నచ్చినవాని పేరు పలికినయెడల, "నలుగురిలో తల ఎత్తుకొని తిరుగలేము" అందురు. ఆ మాట నోటనుండి వచ్చిన తరువాత ఏమి జరుగునో మనకు తెలియనిది కాదు. మొదట చేతిలోని ఫోను లాగుకొందురు. పిమ్మట చదువు మాన్పింతురు. గదిలో పెట్టి గొళ్లెము వేయుదురు. తల్లి పురుగులమందు డబ్బా చేతపట్టుకొని, "నీవు వినకుంటివా, నేను త్రాగి చత్తును" అనును. అమ్మాయి ఒప్పుకొనకమునుపే వారము దినములలో ఎవరికో ఒకరికి కట్టబెట్టుదురు. కొన్ని ఇండ్లలో ఇది కొట్టుటతోను నిలువదు. ప్రాణము తీయుటవరకు పోవును. దీనినే వార్తాపత్రికలు పరువు హత్య అనుచున్నవి.

ఇది ఎచ్చటి సంగతి?

ఇది ఒక దేశమునకు గాని ఒక మతమునకు గాని చెందినది కాదు. లోకమంతట ఏటేట 5,000 మంది వరకు స్త్రీలును బాలికలును ఈ విధముగా చంపబడుచున్నారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2000 సంవత్సరములో అంచనా వేసెను. ఇట్టి చావులలో అనేకములు కడుపునొప్పి అనియు, ఆత్మహత్య అనియు, బావిలో కాలుజారి పడినదనియు చెప్పబడి మూసివేయబడును గనుక నిజమైన లెక్క ఎవరికిని దొరకదు.

మన దేశమునందు 2007లో హర్యానా రాష్ట్రములో ఒకే గోత్రమువారు వివాహము చేసికొనిరని ఆ దంపతులిద్దరిని అమ్మాయి సొంత బంధువులే చంపిరి. 2010లో కర్నాల్ న్యాయస్థానము వారిని దోషులుగా తీర్చెను.

మన తెలుగు నేలమీదనే, 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఒక దళిత క్రైస్తవ యువకుడు గర్భవతియైన తన భార్యను ఆసుపత్రికి తీసికొనిపోయి తిరిగి వచ్చుచుండగా ఆసుపత్రి ఎదుటనే నరకబడెను. అమ్మాయి తండ్రి డబ్బిచ్చి చేయించెనని పోలీసులు నేరారోపణ చేసిరి. ఆ తండ్రి తీర్పు రాకమునుపే 2020లో చనిపోయెను. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణశిక్షయు, ఆరుగురికి యావజ్జీవ శిక్షయు విధించెను. పరువు నిలుపుకొందుమని బయలుదేరిన ఆ ఇంటికి దక్కినదేమి? విధవరాలైన కుమార్తె, తండ్రి ముఖము చూడని పసిబిడ్డ. అక్కడ కత్తి అల్లునిమీద పడెను. శిక్షింపగోరినది మాత్రము కుమార్తె ఎంపికను.

"అది అన్యుల సంగతి, మన క్రైస్తవులలో లేదు" అని ఎవరైనను అనుకొనవచ్చును. 2018 మే నెలలో కేరళ రాష్ట్రములో కొట్టాయమునకు చెందిన ఒక దళిత క్రైస్తవ యువకుని, అతడు ప్రేమించి పెండ్లికి సిద్ధపడిన అమ్మాయి ఇంటివారు ఎత్తుకొనిపోగా అతడు ప్రాణము కోల్పోయెను. ఆ అమ్మాయి తండ్రియు క్రైస్తవుడే. 2019 ఆగస్టులో కొట్టాయము సెషన్సు కోర్టు దానిని పరువు హత్యగా నిర్ణయించి, అమ్మాయి అన్నతో కూడ పదిమందికి యావజ్జీవ శిక్ష విధించెను. కులము బాప్తిస్మపు నీళ్లలో మునిగి చావలేదనుటకు ఇంతకంటె సాక్ష్యము ఏమి కావలెను?

ఇప్పుడు పరిశుద్ధ గ్రంథములోని నాలుగు ఇండ్లలోనికి పోయి, అచ్చట పరువు ఏమి చేసెనో చూతము.

మొదటి ఇల్లు: యాకోబు ఇల్లు (ఆదికాండము 34)

యాకోబు కుమార్తె దీనా ఆ దేశపు స్త్రీలను చూడవెళ్లెను. షెకెము ఆమెను బలాత్కరించెను. ఇది ఘోరమైన అన్యాయము. దీనిని విని అన్నలకు కోపము వచ్చుట తప్పు కాదు. అయితే ఆ కోపము ఏ త్రోవ పట్టెనో గమనించుడి. వారు సున్నతి అను దేవుని నిబంధన గుర్తునే వలగా పన్నిరి. షిమ్యోను, లేవి ఇద్దరును ఊరిలోని మగవారినందరిని చంపిరి. తక్కిన కుమారులు ఊరిని దోచుకొని, ఆ ఇండ్ల స్త్రీలను పిల్లలను చెరపట్టిరి. తమ సహోదరి అవమానమునకు ప్రతీకారమని బయలుదేరినవారు ఎందరి సహోదరీలనో ఏడిపించి ఇంటికి తెచ్చిరి.

ఈ అధ్యాయమును మొదటినుండి చివరవరకు చదివి రెండు సంగతులు వెదకుడి. దీనా పలికిన మాట ఒక్కటియైనను ఉన్నదా? లేదు. తండ్రి మాటలాడెను, అన్నలు మాటలాడిరి, షెకెమును అతని తండ్రి హమోరును మాటలాడిరి. నొప్పి ఎవరిదో ఆమెను మాత్రము ఎవరును అడుగలేదు. రెండవది, ఈ అధ్యాయములో దేవుని పేరు ఉన్నదా? అదియు లేదు. ఎవరును ఆయనను అడుగలేదు. అడుగకుండ చేసిన పనికి ఆయన పేరు తగిలించుటకు వీలు లేదు. యాకోబు సహితము ఆ దినమున తన పేరు చెడెనని బాధపడెనే గాని కుమార్తెను గూర్చి ఒక మాటయు అనలేదు. అయితే మరణకాలమున అతడు ఆ ఇద్దరు కుమారుల కోపమును శపించెను (ఆదికాండము 49:5-7). దానిని శౌర్యమని మెచ్చుకొనలేదు.

రెండవ ఇల్లు: యూదా ఇల్లు (ఆదికాండము 38)

యూదా కోడలు తామారు విధవరాలు. మూడవ కుమారుడైన షేలాను ఆమెకిత్తునని యూదా చెప్పి, ఇయ్యక ఆమెను పుట్టింటికి పంపివేసెను. ఆమె ముసుగు వేసికొని త్రోవలో కూర్చుండగా యూదా వేశ్య అనుకొని ఆమెయొద్దకు పోయెను. మూడు నెలలైన తరువాత కోడలు గర్భవతియైనదని అతనికి వినబడెను. ఆమెను బయటికి తెచ్చి కాల్చివేయుడని వెంటనే తీర్పు చెప్పెను. విచారణ లేదు. ఆమెను పిలిచి ఒక మాట అడుగుట లేదు. వేశ్యయొద్దకు పోయినవాడు వ్యభిచారమునకు శిక్ష విధించుచున్నాడు! మగవానికి ఒక తూనికరాయి, ఆడదానికి ఇంకొక తూనికరాయి. ఇట్టి రెండు రకముల రాళ్లు యెహోవాకు అసహ్యమని మనకు తెలియును (సామెతలు 20:10).

తామారు అరచి అల్లరి చేయలేదు. అతని ముద్రను, దారమును, చేతికఱ్ఱను పంపి, ఇవి ఎవరివో గుర్తుపట్టుమని మాత్రము అడిగెను. అప్పుడు యూదా చేసిన పని మన ఊరి పెద్దలందరు నేర్చుకొనదగినది. ఇంటిపెద్ద తన గౌరవము కాపాడుకొనుటకు అబద్ధమాడలేదు. తప్పు తనదేననియు, తనకంటె ఆమెయే నీతిగలదనియు ఒప్పుకొనెను. ఒక్క ఒప్పుకోలు మంటను ఆర్పెను; మూడు ప్రాణములు నిలిచెను, ఆమె గర్భమున కవలలు ఉండిరి గదా. కాల్చబడవలసిన ఆ స్త్రీ పేరు మన ప్రభువు వంశావళిలో వ్రాయబడియున్నది (మత్తయి 1:3). మనుష్యులు ఇంటికి మచ్చ అన్నదానిని దేవుడు తన కుమారుని వంశములో చేర్చుకొనెను.

మూడవ ఇల్లు: దావీదు ఇల్లు (2 సమూయేలు 13)

దావీదు కుమార్తె పేరును తామారే. అన్నయైన అమ్నోను రోగము నటించి ఆమెను పాడుచేసి, బయటికి నెట్టి తలుపు వేయించెను. ఈ తామారు మౌనముగా ఉండలేదు. వద్దని బతిమాలెను, తన అవమానమును ఎక్కడికి మోసికొని పోవుదునని అడిగెను, బూడిద పోసికొని కేకలువేయుచు వీధిలో నడిచెను. సహోదరుడైన అబ్షాలోము ఏమనెను? ఊరకుండుమనెను. తండ్రియైన రాజు ఏమి చేసెను? మిక్కిలి కోపపడెను, అంతే. కోపపడి ఊరకుండెను.

ఇది ఇంకొక రకపు పరువు. మొదటి ఇంటిలో కత్తి, ఈ ఇంటిలో మౌనము. ఇంటి గుట్టు బయటపడకూడదని ఆడపిల్ల నోరు మూయుదురు. తప్పు చేసిన మగవాడు భోజనపు బల్లయొద్ద యథాప్రకారము కూర్చుండును. రెండు సంవత్సరములకు ఆ మౌనము నెత్తురుగా మారెను: అబ్షాలోము అమ్నోనును చంపించెను. దానివలన తామారుకు కలిగిన మేలేమి? ఆమె సహోదరుని ఇంట దిక్కులేనిదై ఉండిపోయెను. న్యాయము చేయవలసిన కాలమున న్యాయము చేయనియెడల, పగ ఆ చోటును ఆక్రమించుకొనును.

నాలుగవ ఇల్లు: యోసేపు ఇల్లు (మత్తయి 1)

నజరేతు చిన్న ఊరు. చిన్న ఊరిలో ఏ మాటయు దాగదు. ప్రధానము చేయబడిన అమ్మాయి గర్భవతియైనదని యోసేపుకు తెలిసెను. ధర్మశాస్త్రమును ఎత్తి చూపి ఆమెను రాళ్లకు అప్పగింపగల అవకాశము అతనికి ఉండెను (ద్వితీయోపదేశకాండము 22:23-24). అతని పరువు పోయెనని ఊరంతయు అతని పక్షమున నిలుచును. అయితే అతడు నీతిమంతుడు గనుక ఆమెను నలుగురిలో అవమానపరచుటకు మనస్సు లేక, రహస్యముగా విడిచిపెట్టుటకు తలంచెను.

ఇది దేవదూత రాకమునుపే అతడు చేసికొన్న ఆలోచన అని మరువకుడి. అప్పటికి అతనికి పరిశుద్ధాత్మ సంగతి తెలియదు. ఆమె తప్పు చేసెననియే అనుకొనెను. అయినను ఆమె ప్రాణము తీయుట, ఆమెను వీధికి ఈడ్చుట నీతి అని అతడు తలంచలేదు. తరువాత దేవదూత చెప్పగా ఆమెను తన ఇంట చేర్చుకొనెను. అనగా ఊరివారి వ్రేళ్లు తనవైపు తిరుగుటకును ఒప్పుకొనెను. మన రక్షకుడు గర్భములో ఉండగా, ఆయన తల్లి ప్రాణము ఒక పురుషుడు తన పరువును ప్రక్కకు పెట్టినందువలన కాపాడబడెను. లేఖనము నీతిమంతుడని పిలిచినది ఇట్టివానిని. కుమార్తెమీద చెయ్యి ఎత్తినవానిని కాదు.

ప్రభువు మాట

వ్యభిచారమందు పట్టబడిన స్త్రీని ప్రభువునొద్దకు తెచ్చినప్పుడు ఆమెను మాత్రమే తెచ్చిరి (యోహాను 8:1-11). ఇద్దరిని శిక్షింపవలెనని ధర్మశాస్త్రము చెప్పగా మగవాడు ఎచ్చట? ప్రభువు ఆ గుంపును వారి వారి మనస్సాక్షుల యొద్దకు పంపెను; పెద్దవారు మొదలుకొని ఒక్కొక్కరుగా వెళ్లిపోయిరి. ఆమెను శిక్షింపలేదు, పాపమును మెచ్చుకొననులేదు; క్రొత్త జీవితమునకు ఆమెను పంపెను.

ఇంకను లోతైన సంగతి సిలువయొద్ద ఉన్నది. సిలువ చావు ఆ కాలమున అన్నిటికంటె సిగ్గుకరమైన చావు. ప్రభువు ఊరి గవిని వెలుపల, వస్త్రములు తీసివేయబడినవాడై, అందరి ఎగతాళిమధ్య ఆ సిగ్గును భరించెను (హెబ్రీయులకు 12:2, 13:12-13). తన గౌరవముకొరకు ఇతరుల రక్తము చిందించుట లోకపు పద్ధతి. ఇతరులకొరకు తన గౌరవమును విడిచి తన రక్తమునే చిందించుట క్రీస్తు పద్ధతి. ఆయన బల్లయొద్ద చేయి చాపి రొట్టె తీసికొను మనము ఈ రెంటిలో దేనిని వెంబడింతుము?

ఒక ప్రశ్నకు జవాబు

"పిల్లలు తలిదండ్రులకు లోబడవలెను గదా? వారు మనలను సన్మానింపవలెనని ఆజ్ఞ ఉన్నది గదా?" అని కొందరు అడుగుదురు. అవును, అది అయిదవ ఆజ్ఞ. దాని తరువాతి ఆజ్ఞ నరహత్యను నిషేధించునది (నిర్గమకాండము 20:12-13). అయిదవ ఆజ్ఞను నిలుపుటకు ఆరవ ఆజ్ఞను మీరుటకు ఏ తండ్రికిని అధికారము ఇయ్యబడలేదు. పిల్లలకు లోబడుడని చెప్పిన పౌలే, వారికి కోపము రేపవద్దని తండ్రులకు చెప్పెను (ఎఫెసీయులకు 6:1-4). తొందరపడి వివాహము చేసికొనవద్దని చెప్పవచ్చును, అబ్బాయి నడవడిని విచారింపవచ్చును, కన్నీటితో ప్రార్థింపవచ్చును, చివరకు ఆ పెండ్లికి పోకుండను ఉండవచ్చును. కొట్టుటకు, బంధించుటకు, బలవంతముగా తాళి కట్టించుటకు వీలు లేదు.

దేశపు చట్టమును ఇదే చెప్పుచున్నది. వయస్సు వచ్చిన ఇద్దరు ఇష్టపడి చేసికొను వివాహములో కుల పంచాయితీలు జోక్యము చేసికొనుట చట్టవిరుద్ధమని 2018 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అట్టి దంపతులకు ప్రాణభయమున్నయెడల పోలీసులు రక్షణ కల్పింపవలెననియు, వారు తలదాచుకొనుటకు సురక్షిత గృహములు ఏర్పరచవలెననియు ఆజ్ఞాపించెను.

మన సంఘములు చేయవలసినవి

మొదటిది, పెండ్లి ప్రకటన చదువకమునుపు సంఘకాపరి గాని ఉపదేశి గాని, నమ్మకమైన ఒక సహోదరి తోడుగా, అమ్మాయిని తలిదండ్రులు లేనిచోట కూర్చుండబెట్టి అడుగవలెను: "అమ్మా, ఈ వివాహము నీకు ఇష్టమేనా? భయపడక చెప్పుము." బలిపీఠము ఎదుట నూరుమంది చూచుచుండగా అడుగు ప్రశ్నకు ఏ అమ్మాయియు కాదని చెప్పలేదు. అమ్మాయికి 18 ఏండ్లు, అబ్బాయికి 21 ఏండ్లు నిండనిదే ప్రకటన చదువనే కూడదు.

రెండవది, భయపడిన ఆడపిల్ల రాత్రివేళ కాపరి ఇంటికి గాని సంఘ పెద్ద ఇంటికి గాని వచ్చినయెడల, రాజీ పేరుతో ఆమెను వెంటనే ఇంటికి పంపవద్దు. "మేమే పెండ్లి చేయుదుము, ఇంటికి రండి" అని నమ్మబలికి తీసికొనిపోయి చంపిన సంగతులు మన దేశములో జరిగినవి. పెద్దమనుష్యుల ఎదుట చేసిన ప్రమాణము కోపము చల్లారినదనుటకు గుర్తు కాదు. ఆమె మాట వినవలెను, ఆమె కోరిన చోట భద్రముగా ఉంచవలెను, పోలీసులకు తెలియజేయవలెను. 112 అత్యవసర నంబరు. 181 స్త్రీల సహాయపు నంబరు. 18 ఏండ్లలోపు పిల్లలకొరకు 1098. జిల్లాలలో సఖి కేంద్రములు కలవు. ఈ నంబర్లను గుడి గోడమీద అందరికి కనబడునట్లు వ్రాయించుడి.

మూడవది, స్త్రీల సమాజమువారికి ఒక మాట. ఆడపిల్ల మొదట తండ్రితో చెప్పదు. పిన్నితోనో, మేనత్తతోనో, ప్రక్కింటి అక్కతోనో చెప్పును. ఆ మాటను వీధికెక్కింపకుడి. మీరు మోసికొనిపోయిన మాట ఒక ఇంట నిప్పు రాజేయగలదు. మీరు దాచి, ప్రార్థించి, తల్లి మనస్సు మెత్తబరచిన మాట ఒక ప్రాణమును నిలుపగలదు.

నాలుగవది, కులము. మాల, మాదిగ అనియు, పై కులమునుండి వచ్చిన విశ్వాసులనియు వేరు వేరుగా కూర్చుండి, ఒకే పాత్రనుండి ద్రాక్షారసము త్రాగి, సంబంధము మాట వచ్చినప్పుడు మాత్రము ముఖము త్రిప్పుకొను సంఘము గలతీయులకు 3:28 ఏ నోటితో చదువును? మన బిడ్డలను పై కులమువారు చంపినప్పుడు ఏడ్చుట న్యాయమే. అదే కులపు విషము మన ఇంటిలోనే ఉన్నయెడల దానిని కక్కివేయుటయు న్యాయమే.

అయిదవది, అన్నదమ్ములకు. "నీకు రోషము లేదా?" అని ఊరివారు రేపుదురు. అట్లు రేపినవారిలో ఒక్కడును నీతో కూడ జైలునకు రాడు. నీ చెల్లెలికి నీవు ఇయ్యవలసినది కావలి కాదు, తోడు.

చర్చకు ప్రశ్నలు

1. దీనా మాటలాడి ఉండినయెడల ఏమి అడిగియుండునని మీకు తోచుచున్నది?
2. యూదా తన తప్పు ఒప్పుకొనుట సులభమేనా? మన పెద్దలు ఒప్పుకొనుటకు ఏది అడ్డము?
3. దావీదు కోపపడియు ఏమియు చేయలేదు. మన సంఘములో ఏ సంగతులను గూర్చి మనము కోపపడి ఊరకుండుచున్నాము?
4. యోసేపు నీతికిని, మన ఊరిలో నీతి అనబడుదానికిని భేదమేమి?
5. ఈ రాత్రి ఒక ఆడపిల్ల భయముతో మన గుడి తలుపు తట్టినయెడల ఎవరు తెరతురు? ఆమెను ఎవరి ఇంట ఉంచుదుము? ఈ ప్రశ్నకు పేర్లతో జవాబు చెప్పి, కాగితముమీద వ్రాసి కాపరికి ఇయ్యుడి.

ప్రార్థనాంశములు

తమ ఇంటిలోనే భయముతో బ్రదుకు కుమార్తెలకొరకు; ఊరి మాటకు వెరచి కఠినులగుచున్న తలిదండ్రులు మెత్తబడుటకొరకు; ఈ విధముగా భర్తలను, బిడ్డలను పోగొట్టుకొన్నవారి ఆదరణకొరకు; నిజము తెలిసిన సాక్షులు ధైర్యముగా నిలుచుటకొరకు; మన సంఘములు యోసేపు ఇంటివంటి ఇండ్లగుటకొరకు ప్రార్థింతము. ఆమేన్.